కుక్కపిల్ల టీకాలు, రియాక్షన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా వీధిలో ఎవరింటికి కొత్త కుక్కపిల్ల వచ్చినా రెండు మూడు రోజుల్లో నాకు ఫోన్ వస్తుంది. విజయవాడలో ఇరవై ఏళ్ళుగా ఇంట్లో కుక్కల్ని పెంచుతున్నాను. వీధిలో పుట్టిన కుక్కపిల్లలకు ఇళ్ళు చూసిపెడుతుంటాను. నేను డాక్టర్ని కాను. డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు ఏం అడగాలో, సూది వేయించి ఇంటికొచ్చాక ఏం గమనించాలో తెలియక జనం పడే టెన్షన్ చూసి ఇది రాస్తున్నాను.

అడిగేవాళ్ళందరిలో రెండు భయాలు కనిపిస్తాయి. వేయిస్తే ఏమవుతుందో అనేది ఒకటి, వేయించకపోతే ఏమవుతుందో అనేది రెండోది. నేను రెండూ పడ్డాను. 2011లో నల్లోడు అనే కుక్కపిల్లను పార్వోతో, అంటే కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బుతో, పోగొట్టుకున్నాను. కొన్నేళ్ళ తర్వాత బుజ్జి అనే పగ్ పిల్లకు సూది వేయించిన గంటలోపే ముఖం వాచిపోయింది. నల్లోడు తిరిగి రాలేదు. బుజ్జికి ఇప్పుడు ఎనిమిదేళ్ళు, ఇది రాస్తుంటే మంచం కింద గురక పెడుతోంది. నా సలహాలన్నీ ఈ రెండు అనుభవాల మధ్య నుంచి వచ్చినవే.

మొదటి సూది ఎప్పుడు వేయించాలి?

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య. మన దగ్గర డాక్టర్లు ఎక్కువగా "45 రోజులకు తీసుకురండి" అంటారు, అది సరిపోతుంది. అక్కణ్ణుంచి రెండు నుంచి నాలుగు వారాలకొకటి చొప్పున, పిల్లకు 16 వారాలు నిండేదాకా వేయించాలి. కుక్కలు, పిల్లుల్లాంటి చిన్న జంతువుల వైద్యుల ప్రపంచ సంఘం డబ్ల్యూఎస్ఏవీఏ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఇదే ఉంది. రేబిస్ సూది మూడు నెలలు నిండాక.

పుట్టిన తేదీ తెలియకపోతే డాక్టర్ పళ్ళు చూసి వయసు అంచనా వేస్తారు. ఆ అంచనా వయసును టీకా కార్డు మీద రాయించుకోండి. తర్వాతి లెక్కలన్నీ దాని మీదే నడుస్తాయి.

ఒకే మందు మూడు నాలుగు సార్లు ఎందుకు? డబ్బుల కోసమా?

ఈ అనుమానం చాలామందికి ఉంటుంది. ఉండటంలో తప్పు లేదు. కారణం మాత్రం తల్లి పాలలో ఉంది.

పుట్టిన మొదటి రోజున పిల్ల తాగే ముర్రుపాలతో తల్లి ఒంట్లోని రక్షణ పిల్లకు వస్తుంది. ఆ రక్షణ కొన్ని వారాలు కాపాడుతుంది. అదే రక్షణ టీకాను కూడా శత్రువు అనుకుని పని చేయనివ్వదు. పిల్ల ఒంట్లో అది ఎప్పుడు తగ్గిపోతుందో బయటికి కనిపించదు. ఒక పిల్లకు ఏడో వారానికే తగ్గవచ్చు, దాని తోడబుట్టిన పిల్లకు పద్నాలుగో వారం దాకా ఉండవచ్చు. అందుకే కొంచెం కొంచెం ఎడంతో వేసుకుంటూ పోతారు. వాటిలో ఏదో ఒకటి సరైన సమయానికి తగులుతుంది.

ఇది అర్థమైతే ఇంకో విషయం కూడా తేలుతుంది. ఎన్ని సూదులు పడ్డాయన్న లెక్క కన్నా, చివరి సూది ఏ వయసులో పడిందన్నది ముఖ్యం. ఆరో వారం, ఎనిమిదో వారం, పదో వారం మూడు వేయించి "అయిపోయాయి" అని ఊరుకున్నవాళ్ళ పిల్లకు, సూదులు మూడు పడినా రక్షణ రాకపోయి ఉండవచ్చు. 16 వారాలు దాటాక పడేదే అన్నిటికన్నా నమ్మదగినది. మొదటి రెండూ శ్రద్ధగా వేయించి, పిల్ల ఆడుకుంటోంది కదా అని మూడోది మర్చిపోయేవాళ్ళే నాకు ఎక్కువ కనిపిస్తారు. ఆ తర్వాత ఆరు నెలలప్పుడు ఇంకొకటి వేయిస్తే, అప్పటిదాకా టీకా అందని పిల్లలు ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళకూ అందుతుంది.

5 ఇన్ 1, 7 ఇన్ 1, 9 ఇన్ 1 అంటున్నారు. అంకె పెద్దదైతే మంచిదా?

అలాగని ఏమీ లేదు. ఒకే సూదిలో ఎన్ని టీకాలు కలిపారో చెప్పే అంకె అది. తప్పనిసరిగా ఉండాల్సినవి డిస్టెంపర్ (ఊపిరితిత్తుల్ని, నరాల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు), పార్వో, అడెనోవైరస్ వల్ల వచ్చే హెపటైటిస్ (కాలేయం జబ్బు). ఈ మూడూ దాదాపు అన్ని కాంబినేషన్లలో ఉంటాయి. అంకె పెరిగేది ఎక్కువగా లెప్టోస్పైరోసిస్ (లెప్టో) రకాలు కలపడం వల్ల, కొన్నింటిలో కరోనా కలపడం వల్ల. కుక్కల కరోనా టీకాను డబ్ల్యూఎస్ఏవీఏ సిఫారసు చేయడం లేదు. అది మనుషుల కోవిడ్ కాదు, కుక్కల్లో వచ్చే వేరే విరేచనాల జబ్బు.

లెప్టో మాత్రం మన ప్రాంతంలో తేలిగ్గా తీసుకోకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు, బురద వల్ల వస్తుంది. కుక్క కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి, మనుషులకూ అంటుతుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు నాకు మొదట వచ్చిన భయం ఇదే. వర్షాకాలంలో వాకిట్లో నీళ్ళు నిలిచే ఇల్లైనా, చుట్టుపక్కల ఎలుకలు, పందికొక్కులు తిరిగే ఇల్లైనా ఈ టీకా అడిగి వేయించండి. ఎనిమిది వారాలు దాటాక రెండు డోసులు, రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో. తర్వాత ఏటా ఒకటి.

అమ్మినవాళ్ళు "రెండు సూదులు అయిపోయాయి" అన్నారు. నమ్మవచ్చా?

కార్డు చూపిస్తే నమ్మండి. కార్డు మీద సీసా నుంచి తీసిన స్టిక్కర్, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, వేసిన తేదీ, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పెన్నుతో "ఫస్ట్ డోస్ ఓకే" అని మాత్రమే రాసి ఉంటే దాన్ని సూది పడనట్టే లెక్క వేసుకుని మొదటి నుంచి మొదలుపెట్టండి. ఒకటి రెండు ఎక్కువ పడినా ఆరోగ్యంగా ఉన్న పిల్లకు సాధారణంగా నష్టం ఉండదు. పడకుండా ఉండిపోవడం వల్ల జరిగే నష్టం మాత్రం నేను చూశాను.

నల్లోడు అలాగే వచ్చాడు. "అన్నీ వేయించామండీ" అన్న మాట నమ్మాను. నాలుగో రోజుకు స్టీలు గిన్నెలో పెరుగన్నానికి చీమలు పట్టాయి, వాడు తల తిప్పి చూడలేదు. మరునాటికి వాంతులు, నెత్తుటి విరేచనాలు. పార్వో వాసన ఒకసారి ముక్కుకు తగిలితే మర్చిపోలేం. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. ఆ మూడు రోజులూ నేను పలకరిస్తే వాడు తోక చివర మాత్రం కదిపేవాడు. మూడో రోజు రాత్రి అదీ ఆగిపోయింది.

సూది వేయించే రోజు ఏం చూసుకోవాలి?

ముందు టైము. ఉదయం పూట వేయించండి. వీలైతే మీకు సెలవున్న రోజున, కానీ మరునాడు క్లినిక్ తెరిచి ఉండే రోజున. శనివారం రాత్రి తొమ్మిదింటికి వేయించి పదకొండింటికి ముఖం వాస్తే ఎవరి తలుపు కొట్టాలి? రియాక్షన్ వచ్చేదైతే మెలకువగా ఉన్నప్పుడే, డాక్టర్ దొరికే వేళలోనే రావాలి.

పిల్ల ఆరోగ్యం. విరేచనాలు, దగ్గు, జ్వరం ఉన్నా, రెండు పూటలు సరిగ్గా తినకపోయినా ఆ మాట డాక్టర్‌కు చెప్పండి, వాయిదా వేస్తారు. సూది చేతిలోకి తీసుకునేముందు డాక్టర్ జ్వరం చూడాలి, గుండె వినాలి, చిగుళ్ళు చూడాలి. టేబుల్ మీద పెట్టగానే పొడిచి పంపించేచోట ఒక్క నిమిషం ఆపి "ఒకసారి టెంపరేచర్ చూడండి సార్" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. కుక్కపిల్లకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. మన 98.6తో పోల్చుకుని కంగారు పడకండి.

నట్టల మందు అంతకుముందే పడి ఉంటే మంచిది. రెండు వారాల వయసు నుంచి రెండేసి వారాలకొకసారి ఇవ్వాల్సిన మందు అది. కడుపునిండా నట్టలున్న పిల్ల నీరసంగానే ఉంటుంది, ఆ నీరసం సూది వల్ల వచ్చిందో కాదో తేల్చుకోలేరు.

మందు. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. మన మే నెల ఎండలో దారిలో పాడైపోయిన టీకా బయటికి మామూలుగానే కనిపిస్తుంది, పని మాత్రం చేయదు. ఫ్రిజ్‌లోంచి తీసి, మీ ఎదుటే పొడి సీసాలోకి ద్రవం కలిపి, వెంటనే వేయడం సరైన పద్ధతి. పొద్దున్నే కలిపి సిరంజిలో ఎక్కించి పెట్టుకున్నది వద్దని చెప్పండి. మెడికల్ షాపులో కొని సంచిలో వేసుకుని తీసుకెళ్ళాలంటే ఐస్ ప్యాక్ ఉన్న డబ్బా తప్పనిసరి. అలాగని డీప్ ఫ్రీజర్‌లో పెట్టకండి, గడ్డకట్టినా పాడవుతుంది.

సూది పడ్డాక అరగంట క్లినిక్‌లోనే కూర్చోండి. నేను అందరికీ చెప్పేదీ, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. ప్రాణం మీదికొచ్చే రియాక్షన్ ఎక్కువగా మొదటి నిమిషాల్లో, గంటలోపే వస్తుంది.

మా పిల్ల కిలోన్నర మాత్రమే ఉంది. సగం డోస్ వేయిస్తే రియాక్షన్ తగ్గుతుందా?

వద్దు. టీకా జ్వరం మందులాగా బరువును బట్టి వేసేది కాదు. లాబ్రడార్ పిల్లకైనా, చువావా పిల్లకైనా డోస్ ఒకటే. సగం వేస్తే రక్షణ రాకపోవచ్చు. అలర్జీ వచ్చే ఒంటికి సగం డోస్‌తో కూడా రావచ్చు.

మీ భయానికి మాత్రం ఆధారం ఉంది. అమెరికాలో 12 లక్షలకు పైగా కుక్కల రికార్డులు పరిశీలించి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, టీకా పడిన మూడు రోజుల్లోపు రియాక్షన్ వచ్చినవి ప్రతి 10,000 కుక్కల్లో 38. వాటిలో చాలావరకు తేలికపాటివే. పది కిలోల లోపు కుక్కల్లో, ఒకే రోజు ఎక్కువ టీకాలు పడిన వాటిలో ఆ సంఖ్య పెరిగింది. డాక్స్‌హండ్, పగ్, బోస్టన్ టెర్రియర్, మినియేచర్ పిన్షర్, చువావా జాతుల్లో ఎక్కువ కనిపించింది. కాబట్టి చిన్న జాతి పిల్లైతే డోస్ తగ్గించమనకండి, రోజులు విడదీయమనండి. కాంబినేషన్ ఒక రోజు, రేబిస్ ఇంకో రోజు, మధ్యలో రెండు మూడు వారాలు. క్లినిక్‌కు ఒకసారి ఎక్కువ తిరగాల్సి వస్తుంది. నేనైతే తిరుగుతాను.

సూది వేయించాక ఏవి మామూలు?

ఆ రోజంతా పడుకోవడం, కొంచెం తక్కువ తినడం, కాస్త ఒళ్ళు వెచ్చబడటం, సూది పడిన చోట చెయ్యి వేస్తే కుయ్యిమనడం. ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి. సూది పడిన చోట బఠాణీ గింజంత గట్టి ముద్ద రావచ్చు, రెండు మూడు వారాల్లో కరిగిపోతుంది. అది పెరుగుతున్నా, వేడిగా ఉన్నా, చీము కారినా, నెల దాటినా తగ్గకపోయినా చూపించండి.

రెండు రోజులు దాటినా నీరసం తగ్గకపోతే, దాన్ని సూది ఖాతాలో వేసి ఊరుకోవద్దు. వేరే జబ్బు మొదలై ఉండవచ్చు.

ఏవి ప్రమాదం? ఎలా గుర్తుపట్టాలి?

బుజ్జి సంగతి చెబుతాను, అది చదివితే గుర్తుంటుంది. పదకొండు వారాల పగ్ పిల్ల, రెండో డోస్. క్లినిక్‌లో పావుగంట కూర్చుని, బాగానే ఉంది కదా అని ఆటో ఎక్కాను. బెంజ్ సర్కిల్ దాటాక ఒళ్ళో ముఖం రుద్దుకోవడం మొదలుపెట్టింది. దురదేమో అనుకున్నాను. ఇంటి మలుపు దగ్గర చూస్తే కళ్ళు సగం మూసుకుపోయి ఉన్నాయి, పై పెదవి ఉబ్బింది, పొట్ట మీద వెంట్రుకలు పలచగా ఉన్నచోట దోమ కుట్టినట్టు దద్దుర్లు. అదే ఆటోలో వెనక్కి తిప్పించాను. ఇంజెక్షన్లు ఇచ్చి రెండు గంటలు అక్కడే ఉంచుకున్నారు. సాయంత్రానికి వాపు దిగింది.

ముఖం వాపు, దద్దుర్లు, విపరీతంగా గోక్కోవడం: ఇవి సాధారణంగా కొన్ని గంటల్లోపు కనిపిస్తాయి. చూడగానే డాక్టర్‌కు ఫోన్ చేసి బయల్దేరాలి.

దానికన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది, అందులో ముఖం వాయకపోవచ్చు కూడా. కుక్కల్లో తీవ్రమైన అలర్జీ దెబ్బ ముందుగా తగిలేది కాలేయం మీద, పేగుల మీద. అందుకని సూది పడిన కాసేపటికే హఠాత్తుగా వాంతులు, విరేచనాలు, కాళ్ళు తేలిపోవడం, కూలబడిపోవడం, చిగుళ్ళు పాలిపోవడం కనిపిస్తే అది తిండి తేడా కాదు. ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు. అడ్రినలిన్, సెలైన్ పడాలి, అవి క్లినిక్‌లోనే సాధ్యం.

చిగుళ్ళు ఎలా చూడాలో పిల్ల బాగున్న రోజే నేర్చుకోండి. పై పెదవి మెల్లగా ఎత్తి, కోరపన్ను పైన చిగురు మీద వేలితో నొక్కి వదలండి. నొక్కిన చోట తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీరంగు రావాలి. చిగుళ్ళు నల్లగా ఉండే పిల్లైతే కింది కనురెప్ప లోపల చూడండి. మామూలు రంగు ఎలా ఉంటుందో ముందే తెలిస్తేనే తేడా తెలుస్తుంది.

ఇంట్లో ఉన్న సెట్రిజిన్ ఇచ్చేయవచ్చా? జ్వరానికి పారాసిటమాల్?

మీ అంతట మీరు ఏదీ ఇవ్వకండి. అలర్జీ బిళ్ళలు కొన్ని కుక్కలకూ వాడతారు నిజమే, కానీ ఎంత అనేది పిల్ల బరువును బట్టి డాక్టర్ చెప్పాలి. మన ఇళ్ళలో ఉండే జలుబు బిళ్ళల్లో అలర్జీ మందుతో పాటు పారాసిటమాల్, ముక్కు దిబ్బడకు వేరే మందు కలిపి ఉంటాయి. అది కుక్కపిల్లకు ప్రమాదం. ఐబుప్రోఫెన్ అయితే కుక్కలకు విషమే. వాంతులవుతున్న, కూలబడిన పిల్ల నోట్లో బిళ్ళ వేయడం వల్ల టైము వృథా, గొంతులో ఇరుక్కునే ప్రమాదం కూడా.

చిన్న జాతి పిల్ల ఉన్నవాళ్ళు మొదటి సూది రోజే "ముఖం వాస్తే ఇంట్లో ఏమన్నా ఇవ్వమంటారా, ఎంత?" అని అడిగి కార్డు వెనక రాయించుకోండి. ఆ క్లినిక్ మూసేశాక ఎక్కడికి వెళ్ళాలో కూడా అప్పుడే అడగండి.

ఒకసారి రియాక్షన్ వచ్చింది. ఇక సూదులు మానేయాలా?

వెంటనే మానేయకండి, వెంటనే మళ్ళీ వేయించనూ వద్దు. ముందు ఏం జరిగిందో రాసుకోండి: ఏ టీకా, ఏ కంపెనీ, బ్యాచ్ నంబరు, సూది పడిన ఎంతసేపటికి, ఏం కనిపించింది, ఏ మందుతో తగ్గింది. ఫోన్‌లో ఫోటో తీయండి. వాపు దిగాక మాటల్లో చెబితే తీవ్రత ఎవరికీ తెలియదు. టీకా కంపెనీకి ఈ విషయం తెలియజేయమని డాక్టర్‌ను అడగండి, బ్యాచ్ నంబరు అందుకే కావాలి.

తర్వాతి డోస్‌కు ఏం చేయాలన్నది రియాక్షన్ ఎంత తీవ్రంగా వచ్చిందన్నదాని మీద ఉంటుంది. బుజ్జికి మా డాక్టర్ ఇలా చేశారు. పదిహేనో వారంలో లెప్టో లేకుండా పార్వో, డిస్టెంపర్ ఉన్న సూది వేరే కంపెనీది వేశారు. అరగంట ముందు అలర్జీ ఇంజెక్షన్ ఇచ్చారు. ఉదయం పదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం రెండింటి దాకా అక్కడే కూర్చోబెట్టారు. ఏమీ రాలేదు. ఇంకో మూడు వారాలకు మళ్ళీ ఆ సూదే, ఆ పద్ధతే. దాంతో 16 వారాల గీత కూడా దాటింది. రేబిస్ ఇంకో నెలకు, ఒంటరిగా. ముందుగా అలర్జీ మందు ఇచ్చినంత మాత్రాన పెద్ద రియాక్షన్ రాదని హామీ లేదని కూడా ఆయన స్పష్టంగా చెప్పారు, అందుకే ఆ నాలుగు గంటల కాపలా.

కూలబడిపోయేంత తీవ్రంగా వచ్చిన పిల్లకు లెక్క వేరు. అక్కడ ఏ టీకా తప్పనిసరి, ఏది వదిలేయవచ్చు అని డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాలి. పార్వో, డిస్టెంపర్‌లకు అప్పటికే రక్షణ వచ్చిందేమో రక్తపరీక్షతో చూడవచ్చు, దాన్ని టైటర్ పరీక్ష అంటారు. వచ్చి ఉంటే ఆ సూది అవసరం తప్పుతుంది. లెప్టోకు మాత్రం ఈ పరీక్షతో రక్షణ తేల్చలేం.

సూది వేయించిన వారానికే పార్వో వచ్చింది. టీకా వల్లే వచ్చిందా?

బాధలో ఉన్నవాళ్ళు అడిగే ప్రశ్న ఇది, కాబట్టి నిదానంగా చెబుతాను. పార్వో ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడటానికి ఎక్కువగా ఐదారు రోజులు, ఒక్కోసారి రెండు వారాల దాకా పడుతుంది. సూది వేయించే రోజుకే వైరస్ లోపల ఉండి ఉండవచ్చు. లేదా పైన చెప్పినట్టు తల్లి రక్షణ ఆ సూదిని పని చేయనివ్వకపోయి ఉండవచ్చు. టీకాలో ఉండేది బలహీనపరిచిన వైరస్, ఆరోగ్యంగా ఉన్న పిల్లకు అది పార్వో జబ్బు తెప్పించదు. అయితే టీకా తర్వాత కొన్ని రోజులపాటు మలంలో ఆ వైరస్ కనిపించి, కిట్ పరీక్షలో సన్నగా పాజిటివ్ గీత రావచ్చు. అందుకని సూది తేదీ డాక్టర్‌కు తప్పక చెప్పండి.

అన్ని సూదులూ అయ్యేదాకా ఇంట్లోనే కట్టిపడేయాలా?

నేల మీద దించకుండా ఎత్తుకుని తిప్పండి. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని నేర్చుకునే వయసు. ఆ రోజుల్లో గదిలో బంధిస్తే పెద్దయ్యాక ప్రతి చప్పుడుకూ, ప్రతి కొత్త మనిషికీ భయపడుతుంది, ఆ భయంతోనే కరుస్తుంది. మేడ మీదికి, బండి మీద, టీకాలు పూర్తయిన కుక్కలున్న చుట్టాలింటికి తీసుకెళ్ళండి. పార్కులు, వీధి మూలలు, క్లినిక్ నేల మాత్రం వద్దు. క్లినిక్ నేల అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే పార్వో వచ్చిన పిల్లలు వచ్చేది అక్కడికే.

ఇంతకుముందు ఇంట్లో పిల్ల పార్వోతో పోయింది. ఇంకోదాన్ని ఎప్పుడు తెచ్చుకోవచ్చు?

ఆ వైరస్ నీడ పట్టున, మట్టిలో నెలల తరబడి, ఏడాదికి పైగా కూడా బతుకుతుంది. ఫినాయిల్ వాసన వస్తే పోయినట్టు కాదు. ముందు మురికి పూర్తిగా కడిగేసి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్ళు కలిపి నేల మీద పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. గోనెపట్టాలు, పరుపులు, గిన్నెలు పారేయండి. మట్టి పెరడు ఉంటే దాన్ని శుభ్రం చేయలేం. అలాంటి ఇంటికి 16 వారాల సూది కూడా పూర్తయిన పిల్లనే తెచ్చుకోండి. నల్లోడి తర్వాత నేను అలాగే చేశాను.

సూది వేయించాక స్నానం చేయించవచ్చా? పసుపు రాయాలా?

రెండు మూడు రోజులు స్నానం ఆపండి, పిల్ల నలతగా ఉంటుంది కాబట్టి. పసుపు, కొబ్బరినూనె ఏదీ రాయనవసరం లేదు.

రేబిస్ సూది ఉచితంగా ఎక్కడ వేస్తారు?

ఏటా జులై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు అంటే జబ్బుల) దినం సందర్భంగా రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు. 1885లో లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేసిన రోజది. సెప్టెంబర్ 28, ప్రపంచ రేబిస్ దినం రోజున కూడా శిబిరాలు జరుగుతాయి. ఆ తేదీ కోసం మూడు నెలలు దాటిన పిల్లను ఖాళీగా ఉంచకండి. శిబిరంలో రద్దీ ఉంటుంది కాబట్టి, ఇంతకుముందు రియాక్షన్ వచ్చిన పిల్లను అక్కడికి తీసుకెళ్ళకండి.

ఈ ఒక్క టీకా విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక కుక్కా బతకదు, మనిషీ బతకడు. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

పెద్దయ్యాక ఏటా అన్నీ వేయించాలా?

పార్వో, డిస్టెంపర్, హెపటైటిస్ సూది చిన్నప్పుడు సరిగ్గా పడి, ఆరు నెలలకు లేదా ఏడాదికి ఇంకోటి పడితే, తర్వాత మూడేళ్ళకొకసారి మించి అవసరం లేదని డబ్ల్యూఎస్ఏవీఏ అంటుంది. లెప్టో ఏటా. రేబిస్ మన దగ్గర ఏటా వేయించడమే ఆనవాయితీ, మున్సిపల్ లైసెన్సుకు కూడా ఆ సర్టిఫికెట్ అడుగుతారు. చాలా క్లినిక్‌లలో ఇప్పటికీ ఏటా అన్నీ కలిపి వేస్తున్నారు. "ఈ ఏడాది లెప్టో, రేబిస్ మాత్రమే వేస్తారా?" అని అడగండి, మంచి డాక్టర్ విసుక్కోరు.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి పంపాలి. ముందు ఏం చేయాలి?

రేబిస్ సూది కన్నా ముందు మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) వేయించండి. వరస మారితే ఆ సూది లెక్కలోకి రాక మళ్ళీ వేయించాల్సి వస్తుంది. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాకు వెళ్ళే ఏ కుక్కకైనా ఆరు నెలలు నిండాలి. రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మన దేశం ఉంది కాబట్టి రక్తపరీక్ష, అదనపు కాగితాలు కూడా అడుగుతారు. టికెట్ కొనేముందే అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ వెబ్‌సైట్‌లో నిబంధనలు చూసుకోండి.

ఇంకా రేబిస్ సూది పడని పిల్ల ఆటలో మా బాబుని గీరింది. చిన్నపిల్లే కదా, పరవాలేదా?

చిన్న పిల్లకు రేబిస్ ఉండదనుకోవడం పొరపాటు. తల్లిని వేరే కుక్క కరిచిందో, ఆ పిల్లనే కరిచిందో మనకు తెలియదు. గాయాన్ని కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి, గడియారం చూసుకుంటూ కడగండి. సున్నం, కారం, పసుపు పెట్టకండి. కట్టు కట్టకుండా అదే రోజు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి, యాంటీ రేబిస్ టీకా అక్కడ ఉచితం. పిల్ల ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్ని రోజులుగా మీ దగ్గర ఉంది, ఇప్పుడెలా ఉందో డాక్టర్‌కు చెప్పండి. బాబుకి మొదటి డోస్ వేయించాకే ఇంటికి రండి. పిల్లను తరిమేయకుండా, విడిగా కట్టి, పది రోజులు కళ్ళెదుటే ఉంచుకోండి. తిండి మానేసినా, నడక తడబడినా, నోట్లోంచి సొంగ కారినా ముట్టుకోకుండా పశువైద్యుడికి ఫోన్ చేయండి.